"అది వాళ్ల సంప్రదాయం కదా, నేను కల్పించుకోవచ్చా?": నైరోబీ నుంచి అడిగిన ఒక తల్లికి సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవారి ఉద్యోగం వల్ల నైరోబీ వచ్చి ఏడాదిన్నర అయిందని రాశారు. మీ ఇంట్లో పనిచేసే కిసి తెగ ఆవిడ తన పదేళ్ల కూతుర్ని స్కూలు సెలవులకు నాయనమ్మ ఊరికి పంపుతున్నానని, "ఈసారి దానికి ఒక వేడుక ఉంది" అని చెప్పిందట. ఆ వేడుకంటే ఆడపిల్ల జననాంగాన్ని కోయడమని తర్వాత పక్కింటివాళ్లు చెప్పేసరికి మీకు నిద్ర పట్టడం లేదన్నారు. మీరు మూడు మాటలు అడిగారు. కన్నతల్లే ఎలా చేయిస్తుంది? ఆఫ్రికా ఆడవాళ్లు ఇదంతా ఎందుకు భరిస్తారు? బయటివాళ్లం, మనం కల్పించుకోవచ్చా?

నేను గుంటూరులో నర్సింగు చదివాను. మావారికి టీచరు ఉద్యోగం వచ్చి 1991లో కెన్యా వెళ్లాం. మొదట నైరోబీ, తర్వాత కిసి కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రి, మళ్లీ నైరోబీ. మొత్తం 21 ఏళ్లు కాన్పుల వార్డులోనే గడిచాయి. పుస్తకాల్లో చదివింది కొంత, అక్కడి తల్లుల దగ్గర నేర్చుకున్నది ఎక్కువ.

ముందు "ఆఫ్రికా ఆడవాళ్లు" అనే మాట పక్కన పెట్టండి. అక్కడ 54 దేశాలున్నాయి. ఒక్క కెన్యాలోనే నలభైకి పైగా తెగలు. 2014 జాతీయ సర్వేలో కిసి మహిళల్లో 84 శాతం మందికి, సోమాలీ మహిళల్లో 94 శాతం మందికి కోత జరిగినట్టు తేలింది. కిసి వాళ్లకి దగ్గర్లోనే ఉండే లువో, లుయా తెగల్లో అది ఒక్క శాతం కూడా లేదు. లువోల్లో పూర్వం ఆడా మగా తేడా లేకుండా కింది వరసలో ముందు పళ్లు ఆరు పీకేవారు, అదే వాళ్ల గుర్తు. మతం అనుకుందామా అంటే కిసి వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు, సోమాలీలు ముస్లింలు. బైబిల్లోనూ ఖురాన్‌లోనూ ఇలా చేయమని లేదు. అందుకే "సంస్కృతి" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే మనకి ఏమీ అర్థం కాదు. ఈ పని చేయమని ఎవరు చెప్తున్నారు, కాదంటే ఆ ఆడమనిషి ఏం పోగొట్టుకుంటుంది, ఇవి రెండూ చూడాలి.

మీ మొదటి ప్రశ్నకి జవాబు నాకు 1997 డిసెంబరులో దొరికింది. కిసిలో మధ్యాహ్నం వాన పడి ఆగింది. ఒక తల్లి తొమ్మిదేళ్ల కూతుర్ని తీసుకుని ఓపీకి వచ్చింది. ఆమె ప్రైమరీ స్కూల్లో టీచరు. ఇస్త్రీ చేసిన గౌను, పైన స్వెట్టరు, చేతిలో బ్యాగు. పిల్ల కాళ్లకి కొత్త చెప్పులు, చేతిలో చెరకు ముక్క. నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగింది. "సిస్టర్, మత్తు సూది వేసి, కొత్త బ్లేడుతో చేస్తారా? ఎక్కువ వద్దు. కొంచెమే, గుర్తుకి."

నేను చేయనన్నాను. చెయ్యకూడదని కూడా చెప్పాను. రక్తం పోవడం గురించి, చీము పట్టడం గురించి, రేపు కాన్పులో వచ్చే కష్టం గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఆమె అంతా విన్నది. ధనుర్వాతం సంగతి, హెచ్ఐవీ సంగతి నాకంటే ముందే ఆమెకి తెలుసు. అందుకే ఆసుపత్రికి వచ్చింది. చివరికి ఇలా అంది: "మీరు చేయకపోతే నొప్పి ఎక్కువవుతుంది. అంతే తేడా."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కూతుర్ని హింసించే తల్లి కాదు ఆమె. జరగక తప్పదని నమ్మిన దాంట్లో నొప్పి తగ్గించుకుందామని వచ్చింది. ఎందుకు తప్పదు అని అడిగితే వేళ్లు మడిచి చెప్పింది. అత్తగారు ఇప్పటికే రెండుసార్లు అడిగింది. స్కూల్లో తోటిపిల్లలకి అయిపోయింది, వాళ్లు దీన్ని "ఎగెసగానె" అంటున్నారు. కోత కాని పిల్లని తిట్టే మాట అది, మురికిది, ఎదగనిది అని అర్థం వస్తుంది. రేపు మంచి సంబంధం వస్తే అవతలివాళ్లు ఇది అడుగుతారు. ఓలి పశువుల దగ్గర బేరం తగ్గిస్తారు. మన పాతకాలపు ఓలి లాగే అక్కడ పెళ్లికొడుకు వాళ్లే పిల్ల తండ్రికి పశువులో డబ్బో ఇచ్చుకోవాలి. తను కాదంటే ఆ లెక్కంతా పిల్ల నెత్తిన పడుతుంది. సరే అంటే ఒక్క పూట నొప్పితో పోతుంది. తప్పుడు లెక్కే, కానీ ప్రేమతో వేసుకున్న లెక్క. ఆ రోజు ఆమె పిల్లని తీసుకుని వెళ్లిపోయింది. ఊళ్లో ఒక రిటైరైన నర్సు తన ఇంట్లో ఈ పని చేస్తుందని తర్వాత విన్నాను. ఆ పిల్ల మళ్లీ నాకు కనబడలేదు.

డాక్టరో నర్సో చేస్తే ఫరవాలేదు అనే ఆలోచన దగ్గరే నాకు అసలు భయం. మత్తు సూది, కొత్త బ్లేడు చూడగానే తప్పు పని కాస్తా వైద్యంలా కనిపిస్తుంది. మన దగ్గరా ఇలాంటిది ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు, తీయించేయండి" అని భర్తో అత్తో అంటే, సరే అని ఆసుపత్రి మంచం ఎక్కిన ముప్పై ఏళ్ల ఆడపిల్లల్ని సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా చూశాను. రెండూ ఒకటేనని అనడం లేదు. ఒక ఆడమనిషి శరీరం గురించి ఇంట్లో నలుగురు కూర్చుని తేల్చేయడం మనం చూడని సంగతి కాదు, అంతే.

ఇక వైద్యం మాట సూటిగా చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు ఆఫ్రికా దేశాల్లో 28 వేల మందికి పైగా కాన్పులు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఆ ఆరింటిలో కెన్యా ఒకటి. కోత ఎంత లోతుగా ఉంటే సిజేరియన్లు, కాన్పు తర్వాత రక్తం పోవడం, బిడ్డ చనిపోవడం అంత ఎక్కువ. సోమాలీ తల్లుల్లో చాలామందికి కోసి కుట్టేస్తారు. చిన్న రంధ్రం మాత్రమే వదులుతారు. కాన్పు సమయంలో ఆ కుట్టుని మేము కత్తిరించి తెరిచేవాళ్లం. కొందరు మంచం దిగకముందే "మళ్లీ మూసేయండి సిస్టర్" అని అడిగేవారు. మూసేయకపోతే ఇంట్లో ఏమంటారో అని వాళ్ల టెన్షన్. రక్తం ఇంకా ఆగలేదు, బిడ్డకి పాలు పట్టలేదు, అప్పుడు ఆ మాట.

ఇప్పుడు రాజకీయం. ఇది తెలియకపోతే మీ పనిమనిషి ఎందుకు బిగుసుకుంటుందో మీకు తెలియదు.

1929లో, కెన్యాలో పెద్ద తెగ అయిన కికుయుల ప్రాంతంలో స్కాట్లండ్ చర్చి మిషనరీలు, మా చర్చిలో ఉండాలన్నా మా బడిలో చదవాలన్నా కోతని వదులుకుంటామని ప్రమాణం చేసి వేలిముద్ర వేయాలన్నారు. వేలిముద్రని వాళ్ల భాషలో "కిరోరె" అంటారు. వేసినవాళ్లకి ఆ మాటే పేరయిపోయింది. అప్పటికే తెల్లవాళ్లు భూములు లాక్కున్నారు. ఇప్పుడు కూతుళ్ల శరీరాలకీ వచ్చారని జనానికి అనిపించింది. వేలమంది చర్చీలు, బడులు వదిలేసి సొంత బడులు పెట్టుకున్నారు. మిషనరీలని తిడుతూ "ముథిరిగు" అనే ఆటపాట ఊళ్లూళ్లూ తిరిగింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తర్వాత కెన్యాకి మొదటి అధ్యక్షుడైన జోమో కెన్యాట్టా 1938లో ఇంగ్లీషులో అచ్చయిన తన పుస్తకంలో ఈ ఆచారాన్ని గట్టిగా వెనకేసుకొచ్చారు. చూడండి, అమ్మాయి శరీరం మీద ఒక పక్క మిషనరీ, ఇంకో పక్క నాయకుడు. నీకేం కావాలమ్మా అని ఆ అమ్మాయిని అడిగినవాళ్లు తక్కువ.

అడగకపోయినా అమ్మాయిలు జవాబిచ్చారు. అది నాకు కెన్యా వెళ్లాక చాలా ఏళ్లకి తెలిసింది. తెలిసిన రోజున మనసు మనసులో లేదు. 1956లో, తమ పాలన మీద లేచిన మౌమౌ తిరుగుబాటుని బ్రిటిషువాళ్లు అణిచేస్తున్న రోజుల్లో, మేరు జిల్లాలో న్జురి న్చెకె అనే పెద్దమనుషుల మండలి కోతని నిషేధించింది. వెనక ఉన్నది జిల్లా అధికారులు. మండలిలో ఉన్నది అందరూ మగవాళ్లే. ఊళ్లలో మగవాళ్లు చాలామంది నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు, ఆడవాళ్లని కంచెల మధ్య ఊళ్లలో కుక్కి వెట్టిచాకిరీ చేయిస్తున్నారు. కోత చేసే ముసలమ్మలు భయపడి మానేశారు. అప్పుడు అమ్మాయిలే బజారులో బ్లేళ్లు కొనుక్కుని, పొదల చాటుకి వెళ్లి, ఒకరికొకరు కోసుకున్నారు. వాళ్లని "న్గైతానా" అన్నారు. "నన్ను నేనే కోసుకుంటాను" అని దాని అర్థం. మూడేళ్లలో 2,400 మందికి పైగా అమ్మాయిలు, తల్లులు, తండ్రుల మీద కేసులు పెట్టారు. జరిమానాలు వేశారు, చాకిరీ చేయించారు.

ఒక నర్సుగా ఆ బ్లేళ్లు తలుచుకుంటే నాకు కడుపులో తిప్పుతుంది. అయినా వాళ్లని అమాయకులు, అణగారినవాళ్లు అని చెప్పి ఊరుకోలేను. మా శరీరం గురించి మీరు చెప్పడానికి వీల్లేదని వాళ్లు తెల్లదొరకీ చెప్పారు, దొరకి తల ఊపిన పెద్దమనుషులకీ చెప్పారు. అది చెప్పడానికి వాళ్ల చేతిలో ఉన్నది ఆ శరీరం ఒక్కటే. మీరు అడిగిన "ఎందుకు భరిస్తారు" అనే మాట నాకు సరిపోయేదిగా అనిపించకపోవడానికి కారణం ఇదే. భరించడం ఒక్కటే కాదు, ప్రతిసారీ ఏదో ఒక జవాబు చెప్తూనే వచ్చారు. ఆ జవాబు కొన్నిసార్లు వాళ్లకే గాయం చేసింది.

ఇంకొన్నిసార్లు ఎదుటివాళ్లని వణికించింది. కికుయుల్లో, ఇంకా చాలా తెగల్లో, తల్లి వయసు ఆడది కోపంతో బట్ట విప్పి నిలబడితే అది ఘోరమైన శాపం. 1922 మార్చిలో నైరోబీ పోలీస్ స్టేషన్ ముందు జనం గుమిగూడారు. ఆడవాళ్లతో వెట్టి చేయించడాన్ని ఎదిరించిన నాయకుడు హ్యారీ థుకుని లోపల పెట్టారు. మగ నాయకులు మాట్లాడి వచ్చి జనాన్ని ఇళ్లకి పొమ్మన్నారు. అప్పుడు మేరీ ముథోని న్యాంజిరు అనే ఆవిడ లేచి గౌను భుజాల దాకా ఎత్తి, "నా గౌను మీరు కట్టుకోండి, మీ ప్యాంట్లు మాకివ్వండి" అని అరిచింది. జనం ముందుకి కదిలారు, పోలీసులు కాల్చారు. అధికారిక లెక్క ప్రకారమే 21 మంది చనిపోయారు. న్యాంజిరు అందులో ఒకరు.

సరిగ్గా 70 ఏళ్ల తర్వాత అదే ఊళ్లో అదే జరిగింది. 1992 ఫిబ్రవరి చివర్లో, నేను నైరోబీ వచ్చిన కొత్తలో, జైళ్లలో ఉన్న రాజకీయ ఖైదీల తల్లులు ఉహురు పార్కులో నిరాహార దీక్షకి కూర్చున్నారు. ఎక్కువమంది అరవై దాటిన పల్లెటూరి ముసలమ్మలు. చెట్లు నాటే ఉద్యమం నడిపిన వంగారి మాథాయ్ వాళ్లతో ఉన్నారు. మార్చి 3న పోలీసులు బాష్పవాయువు వదిలి లాఠీలతో కొట్టారు. వంగారి స్పృహ తప్పి పడిపోయారు. ఆ తల్లులు కొందరు బట్టలు విప్పి పోలీసులకి ఎదురు నిలబడ్డారు. మా వార్డులో పనిచేసే వయసుమళ్లిన ఆయా ఆ కబురు విని, కడుగుతున్న బేసిన్ కింద పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కుర్రాళ్లు ఇంక ఎలా బతుకుతారు" అంది. పోలీసుల గురించి అంటోందని నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆ తల్లులు దగ్గర్లోని కెథెడ్రల్‌లో ఏడాది పాటు ఉన్నారు. 1993 మొదట్లో దాదాపు ఖైదీలందరూ విడుదలయ్యారు.

వంగారి పేరు సంగతి ఒకటి చెప్పాలి. భర్త విడాకులు తీసుకుని, నా ఇంటిపేరు వాడకూడదన్నాడు. మథాయ్ అనే ఆ పేరుకి ఆవిడ ఒక దీర్ఘం చేర్చి మాథాయ్ చేసుకున్నారు. అదే పేరుతో 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. 1989లో ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కట్టనివ్వనని ఎదురు తిరిగినప్పుడు, ఆఫ్రికా సంప్రదాయంలో ఆడవాళ్లు మగవాళ్లని గౌరవించి నోరు మూసుకుని ఉండాలి అన్నట్టుగా అధ్యక్షుడు మోయ్ మాట్లాడారు. సంప్రదాయం అనే మాట ఎవరి నోట ఎప్పుడు వస్తుందో చూడమని మీకు చెప్పేది ఇందుకే. పార్కులో భవనం కట్టడానికీ సంప్రదాయానికీ ఏం సంబంధం?

చనిపోయిన భర్త శరీరం ఎవరిది? ఈ ప్రశ్న మీద కెన్యా అయిదు నెలలు ఊపిరి బిగబట్టింది. వాంబుయి ఒటియెనో కికుయు ఆవిడ, మౌమౌ పోరాటంలో పనిచేసి నిర్బంధం అనుభవించిన మనిషి. భర్త ఎస్.ఎం. ఒటియెనో నైరోబీలో పేరున్న లువో లాయరు. ఇద్దరూ 1963లో చట్టప్రకారం పెళ్లి చేసుకున్నారు. 1986 డిసెంబరు 20న ఆయన పోయారు. నైరోబీ శివార్లలో తమ పొలంలో పూడ్చుకుంటానని భార్య అంది. కాదు, లువో మగాడిని పుట్టిన ఊళ్లోనే పూడ్చాలి అని ఆయన వంశం వాళ్లు పట్టుబట్టారు. గొడవ కోర్టుకెక్కింది. శవం మార్చురీలో 154 రోజులు ఉంది. అప్పీలు కోర్టు వంశం వైపే తీర్పిచ్చింది. 1987 మే 23న సియాయా జిల్లాలోని ఊళ్లో పూడ్చారు. వాంబుయి వెళ్లలేదు.

లువోల్లో వితంతువుని "చి లియెల్" అంటారు. సమాధికి భార్య అని. మరిదో, వంశంలో మరొకరో ఆమెని చేరదీయాలి, అప్పుడే ఆమెకి ఇంట్లో చోటు. అక్కడ కోత లేదు కాబట్టి ఆడవాళ్లు హాయిగా ఉన్నారని మీరు అనుకుంటారేమోనని చెప్తున్నాను. ఒక తెగ కోతతో చెప్పేది ఇంకో తెగ వితంతువు మంచం దగ్గర చెప్తుంది. వాంబుయి మాత్రం 2003లో, 67 ఏళ్ల వయసులో, 28 ఏళ్ల యువకుణ్ని రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. దేశమంతా తిట్టిపోసింది. మా వార్డులో వితంతువులైన నర్సులు ఇద్దరు ఆ ఫోటో పేపర్లోంచి కత్తిరించి లాకరు తలుపుకి లోపలివైపు అంటించుకున్నారు.

బయటికి కనబడని జవాబులు ఇంకా ఎక్కువ. మా కుటుంబ నియంత్రణ గదిలో ఒక బీరువా సొరుగు నిండా కార్డులుండేవి. సూది వేయించుకున్న తారీఖు, మళ్లీ రావాల్సిన తారీఖు రాసే కార్డులు. రూలు ప్రకారం అవి తల్లి ఇంటికి తీసుకెళ్లాలి. "సిస్టర్, ఇది మీ దగ్గరే ఉంచండి" అనేవారు. ఇంట్లో కార్డు కనబడితే కొడతాడు. మాత్రలైతే దొరుకుతాయి. సూది అయితే మూడు నెలలు ఎవరికీ తెలియదు. సంతకి వచ్చినట్టు వచ్చి, టొమాటోల బుట్ట కింద పెట్టి, సూది వేయించుకుని వెళ్లేవారు. 1970ల చివర్లో కెన్యాలో ఒక్కో తల్లికి సగటున ఎనిమిది మంది పిల్లలు. 2022 సర్వేకి అది 3.4. ప్రభుత్వం గొప్ప అని చెప్పుకుంటుంది, చెప్పుకోనివ్వండి. ఆ సొరుగు కూడా నా కళ్లలో ఉంది.

కోత కూడా తగ్గింది, అది మీకు ధైర్యం ఇవ్వాలి. 1998లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 38 శాతం ఉంటే 2014లో 21, 2022లో 15. ఎలా తగ్గిందంటే ఒక్క కారణం చెప్పలేను. ఆడపిల్లల చదువు పెద్ద కారణం. 1996లో మేరుకి పక్కనే థరాకాలో, కొన్ని కుటుంబాలు మహిళా సంఘాలతో కలిసి "న్తానిర న ముగాంబో" మొదలుపెట్టాయి. మాటలతో సున్తీ అని అర్థం. అమ్మాయిలు వారంపాటు కలిసి ఉంటారు, పెద్దమ్మలూ అత్తలూ పెద్దరికం గురించి, శరీరం గురించి నేర్పుతారు, చివర ఊరంతా పండగ చేసి కానుకలిస్తుంది. అంతా ఉంటుంది, బ్లేడు ఉండదు. న్గైతానా అమ్మాయిల మనవరాళ్ల వయసు పిల్లలు వాళ్లు. మన దగ్గర ఓణీల వేడుక ఎంత సందడిగా చేస్తామో తెలిసినవాళ్లకి, పండగని తీసేయకుండా బ్లేడుని మాత్రమే తీసేయడం ఎంత తెలివైన పనో చెప్పక్కర్లేదు.

2011లో గట్టి చట్టం వచ్చింది. చేసినవాళ్లకీ, సాయం చేసినవాళ్లకీ, తమ ఇంట్లో చోటిచ్చినవాళ్లకీ, పిల్లని సరిహద్దు దాటించి వేరే దేశంలో చేయించినవాళ్లకీ కనీసం మూడేళ్ల జైలు, లేదంటే రెండు లక్షల షిల్లింగులకి తక్కువ కాని జరిమానా. తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే సెక్షను. కోత కాలేదని ఒక ఆడపిల్లని ఎగతాళి చేసినా నేరం. ఆ టీచరు తల్లి వేళ్లు మడిచి చెప్పిన లెక్కలో రెండో వేలు అది. చిన్నప్పుడు తనే కోతని కాదన్న లినా జెబీ కిలిమో తర్వాత ఎంపీ అయి, మంత్రి అయి, ఈ చట్టాన్ని అమలు చూసే బోర్డుకి అధ్యక్షురాలయ్యారు. ఈ చట్టాన్ని కొట్టేయమని 2017లో కోర్టుకి వెళ్లింది కూడా ఒక మహిళే, డాక్టరు తాటు కమావు. మేజరైన స్త్రీ తన శరీరం గురించి తనే నిర్ణయించుకోవాలి కదా అని ఆవిడ వాదన. 2021 మార్చిలో హైకోర్టు ఆవిడ పిటిషన్‌ని కొట్టేసింది, చట్టం నిలిచింది. చుట్టూ అంత ఒత్తిడి ఉన్నప్పుడు స్త్రీ ఇచ్చే ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలు కాదన్న వైపే నేనూ ఉంటాను. ఆవిడ ప్రశ్న మాత్రం తేలిక ప్రశ్న కాదు.

తగ్గినచోట కూడా కొత్త మెలికలు వచ్చాయి. కేసుల భయంతో పిల్లలకి ఇంకా చిన్న వయసులోనే, రాత్రిపూట, పాటలూ పండగా లేకుండా చేసేస్తున్నారు. మీ పనిమనిషి "వేడుక" అని నవ్వి ఊరుకోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

ఇప్పుడు మీరు ఏం చేయాలో చెప్తాను. కల్పించుకోండి. ఇది చిన్న పిల్ల విషయం, మీకు తెలిసింది, చట్టం కూడా చెప్పమంటోంది. కానీ మొదటి మాటే పోలీసుల గురించి అనకండి, "మీ సంప్రదాయం తప్పు" అని అసలే అనకండి. 1929 నుంచి ఆ మాట విని విని వాళ్లకి చెవులు మూసుకుపోయాయి. టీ పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి, ఆవిడ పెద్దబిడ్డ పేరుతో "మామా ఫలానా" అని పిలిచి, ఈ మాట ముందు ఎవరన్నారు అని అడగండి. తొంభై పాళ్లు అత్తగారే అయి ఉంటుంది. తండ్రికి తెలుసా అని అడగండి. చాలామంది తండ్రులకి తెలియదు, కొందరు వద్దంటారు కూడా. నీకు చేసినప్పుడు నీకు ఎన్నేళ్లు అని అడగండి, ఆవిడ చెప్తే వినండి. మధ్యలో ఏమీ అనకండి. నేను ఆ టీచరు తల్లికి అరగంట పాఠం చెప్పాను, ఈ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పటికీ బాధపడతాను.

తర్వాత ఆవిడకి ఒక సాకు ఇవ్వండి. చట్టం వల్ల నేను చూసిన పెద్ద మేలు ఇదే. అత్తగారికి ఎదురు చెప్పలేని కోడలు "నాకూ చేయించాలనే ఉంది, కానీ కేసు పెడతారట, ఉద్యోగం పోతుందట" అని చెప్పి తప్పించుకోగలిగింది. మీ పేరు కూడా వాడుకోమనండి. "మా మేడమ్ సెలవుల్లో పిల్లని ఇక్కడే ఉంచి ట్యూషన్ పెట్టిస్తోంది" అని చెప్పుకోమనండి, నిజంగానే పెట్టించండి. నవంబరు, డిసెంబరు రెండు నెలలూ పిల్ల నైరోబీలో ఉంటే ఈ ఏడు గట్టెక్కినట్టే. వచ్చే ఏడు మళ్లీ అడుగుతారు, అప్పటికి తండ్రినీ, వాళ్ల చర్చిలో పెద్ద వయసు ఆడవాళ్లనీ కలుపుకోవాలి.

మాట వినకుండా పిల్లని బస్సు ఎక్కించేస్తున్నారని తెలిస్తే మాత్రం ఆగకండి. 116కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైను, డబ్బులు పడవు, రాత్రయినా తీస్తారు. పిల్ల పేరు, ఊరు, ఏ రోజు బయల్దేరుతోందో చెప్పండి. ఆ ఊరి పేరు, నాయనమ్మగారి ఊరు ఏ సబ్‌కౌంటీలోకి వస్తుందో ఇప్పుడే మాటల్లో అడిగి రాసి పెట్టుకోండి. స్కూళ్లు మూసేశాక అడిగితే చెప్పరు.